తోడల్లుడి రీలు

“నీకు రీలు కావాలా, మీ తోడల్లుడి రీలు కావాలా?”

గాలాలూ దారాలూ అమ్మే కొట్టులో ముసలాయన ఈ మాట అడిగినప్పుడు అక్కడ ఇంకో ఇద్దరు బేరగాళ్లున్నారు. ఇద్దరూ తలలు తిప్పి చూశారు. అడిగించుకున్నవాడు మాత్రం చూపు ఎత్తలేదు. గాజుబల్ల మీద పక్కపక్కన పెట్టిన, గాలపు కర్రకి దారం చుట్టే రెండు రీళ్ల వైపే చూస్తూ, ఏమీ విననట్టు, “ఇది బరువెంత ఉంటుంది?” అన్నాడు.

అతను చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్కు. వారమంతా మిషన్లు, ఆదివారం సముద్రపు గట్టు. గట్టంటే అలల్ని ఆపడానికి పోసిన పెద్ద పెద్ద రాళ్ల వరస. తెల్లవారేసరికి గాలపు కర్రా, ఎర డబ్బా, మూతలేని బకెట్టూ పట్టుకుని ఆ రాళ్ల మీదకి చేరకపోతే అతనికి ఆదివారం ఆదివారంలా ఉండదు.

బల్ల మీద ఉన్న రీళ్లలో ఒకటి సాల్ట్‌వాటర్ రకం. బూడిదరంగు లోహపు ఒళ్లు, ఉప్పునీళ్లు చుక్క కూడా లోపలికి పోకుండా అన్ని వైపులా మూసేసిన పనితనం. రెండోది చౌకరకం. నల్ల ప్లాస్టిక్కు, కొనేవాణ్ని మభ్యపెట్టడానికి దాని మీద ఓ ఎర్రగీత. మొదటిదాని ధర పెడితే రెండోవి అయిదు వస్తాయి. మెకానిక్కు జేబులో ఉన్న డబ్బు రెండోదానికి సరిగ్గా సరిపోతుంది. చూపు మాత్రం మొదటిదాన్ని వదలడం లేదు.

చిన్న జీతగాళ్లు ఉన్నదాంతో హాయిగా బతుకుతారని రాసి మురిసిపోయేవాళ్లున్నారు. వాళ్లెవరూ తోడల్లుళ్ల మధ్య ఓ పూట కూర్చున్నవాళ్లు కారు. చేపలు పట్టడం ఓర్పు నేర్పుతుందని ఇంకో మాట ఉంది. ఆ గట్టు మీద నాలుగు ఆదివారాలు నిలబడితే అది నేర్పేదేమిటో తెలుస్తుంది: పక్కవాడి బకెట్లోకి, మెడ తిప్పకుండా, కళ్లు మాత్రమే తిప్పి చూడటం.

తోడల్లుడు షిప్పింగ్ ఆఫీసులో లెక్కలు చూస్తాడు. వయసులో చిన్న, జీతంలో పెద్ద. మెకానిక్కు భార్యకి స్వయానా చెల్లెలి మొగుడు. రెండేళ్ల కిందట అత్తగారింట్లో కుర్చీలో జారగిలబడి, “అన్నయ్యా, ఆదివారాలు ఇంట్లో కాళ్లూ చేతులూ ఆడట్లేదు. నన్నూ తీసుకెళ్లకూడదూ?” అని అడిగింది అతనే. తీసుకెళ్లింది ఇతనే. దారానికి గాలం ముడెయ్యడం దగ్గర్నుంచీ నేర్పాడు. చేప గుంజినప్పుడు దారం తెగకుండా రీలు కాస్త కాస్తగా వదలాలి. ఆ బిగింపుని డ్రాగ్ అంటారు. తోడల్లుడికి ఎన్నిసార్లు చెప్పినా అది తలకెక్కలేదు. చివరికి మెకానిక్కు తన భాషలోకి దింపాడు.

“మా మిషన్ మీద పైదారానికి బిగింపు ఉంటుంది చూడు, అదే ఇది. ఎక్కువ బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే కుట్టు లూజు. వేలితో లాగితే ‘అబ్బా, సరేలే’ అన్నట్టు రావాలి.”

“అబ్బా సరేలే అన్నట్టా!” అని తోడల్లుడు పగలబడి నవ్వాడు. ఆ తర్వాత గట్టు మీద ఎవరు పలకరించినా, “మా అన్నయ్యే నేర్పాడండీ” అని చెప్పుకునేవాడు. మెకానిక్కు జీవితంలో అంత సుఖంగా గడిచిన ఆదివారాలు లేవు. గురువుగా ఉండటం అంత బాగుంటుందని, అందుకు శిష్యుడు ఎప్పటికీ కాస్త మొద్దుగానే ఉండాలని అతనికి అప్పుడే తెలిసింది.

మొన్న ఎండాకాలం మొదట్లో తోడల్లుడు ఈ ముసలాయన కొట్టులోనే కొన్న అలాంటి బూడిదరంగు రీలు బిగించుకుని వచ్చాడు.

“ఏంటది?” అన్నాడు మెకానిక్కు.

“ఏం లేదన్నయ్యా. ఆఫీసులో ఏదో కాస్త బోనస్ ఇచ్చారు. ఇదిగో, ఓసారి తిప్పి చూడు.”

“నా చేతులకి ఎర అంటుకుందిలే. ఎంత పడిందేమిటి?”

తోడల్లుడు ఓ ధర చెప్పాడు. ఎక్కువే, అయినా గుండె ఆగిపోయేంత కాదు. మెకానిక్కు “ఊఁ” అని తన దారం విసిరాడు. అతని చౌక రీలు ఎప్పట్లాగే కరకరమని తిరిగింది. ఆ చప్పుడు అంతకుముందు కూడా ఉండేది, కానీ వినపడేది కాదు. పక్కనున్న రీలు చప్పుడు చెయ్యకపోవడంతో తనది వినపడటం మొదలైంది. అక్కణ్నుంచి ప్రతి ఆదివారం అతను వింటున్నది సముద్రాన్ని కాదు, పక్కనున్న ఆ నిశ్శబ్దాన్ని.

ఇక కొట్టుకి వెళ్లక తప్పని పరిస్థితి ఓ ఆదివారం వచ్చిపడింది. మెకానిక్కు గాలానికి చాలా పెద్ద చేపే పడింది. కర్ర వంగిన తీరు చూసి చుట్టుపక్కల వాళ్లు తమ పని ఆపి లేచి నిలబడ్డారు. డ్రాగ్ వదలాల్సిన చోట వదల్లేదు. లోపల ఉప్పు పేరుకుని బిగుసుకుపోయింది. దారం టప్పున తెగింది. గట్టంతా “అయ్యయ్యో” అంది. అరగంట కాకముందే తోడల్లుడి కర్ర అలాగే వంగింది. బూడిదరంగు రీలు కిక్కురుమనకుండా దారం వదిలింది, చుట్టింది, మళ్లీ వదిలింది. చేప బయటికొచ్చింది. తన గాలాన్ని తెంచుకుపోయిన చేప అదేనని మెకానిక్కుకి గట్టి నమ్మకం. దాని నోరు తెరిచి చూశారు కూడా. ఇంకో గాలం ఏదీ లేదు. అయినా నమ్మకం పోలేదు.

ఆ మధ్యాహ్నం అందరూ అత్తగారింట్లోనే. పెద్దావిడ చేప ముక్కలు వడ్డిస్తూ, “చిన్నల్లుడు పట్టిన చేప, ఎంత మెత్తగా ఉందో!” అంది.

“ఎవరు పట్టినా చేప మెత్తగానే ఉంటుందత్తయ్యా,” అన్నాడు మెకానిక్కు.

“బావా, ఇంకో ముక్క?” అంది మరదలు.

“వద్దమ్మా, కడుపు నిండింది.”

“నిండటం కాదే, మండుతోంది,” అంది అతని భార్య చెల్లెలితో, పళ్లెంలోంచి తలెత్తకుండానే. ఆవిడ అదే ఫ్యాక్టరీలో బొత్తాల కాజాలు కుడుతుంది. ఆవిడ మాటా అలాగే ఉంటుంది: చిన్నగా, గట్టిగా, ఊడకుండా. తోడల్లుడు ఒక్కడే నవ్వలేదు. “అన్నయ్యకి పడింది ఇంతకంటే పెద్దది వదినా. రీలు మోసం చేసింది, చెయ్యి కాదు,” అన్నాడు. మెకానిక్కుకి పొలమారింది. తిట్టేవాడికి తిరిగి ఏదైనా అనొచ్చు. వెనకేసుకొచ్చేవాణ్ని ఏం చెయ్యాలి?

మర్నాడు షిఫ్టు అయ్యాక కొట్టులో సాల్ట్‌వాటర్ రీలుకి కట్టిన చీటీ తిప్పి చూశాడు. తోడల్లుడు చెప్పినదానికి రెట్టింపు ధర! అంటే తన మొహం చిన్నబోతుందని, నొచ్చుకుంటాడని, సగం తగ్గించి చెప్పాడన్న మాట. ఖరీదైన రీలు ఉన్నందుకు అప్పటిదాకా ఒళ్లు మండింది. తన మీద జాలిపడే తాహతు కూడా అతనికి ఉందని తెలిశాక ఎముకలు మండాయి. సరిగ్గా ఆ క్షణంలోనే ముసలాయన ‘మీ తోడల్లుడి రీలు కావాలా’ అన్న ఆ ప్రశ్న వేశాడు.

బరువు సంగతి వదిలేసి ముసలాయన మళ్లీ అందుకున్నాడు. “ఇలా చూడు. ఈ బూడిదరంగుది ఎందుకు మూసేశారో తెలుసా? తెరిచి గ్రీజు రాసుకోవడం రానివాళ్ల కోసం. మీ తోడల్లుడికి ఒక స్క్రూ ఊడదీస్తే మళ్లీ బిగించడం వస్తుందా?”

“రాదు,” అన్నాడు మెకానిక్కు. ఆ రోజు అతను మనస్ఫూర్తిగా అన్న మొదటి మాట అది.

“నీకొచ్చు. అలాంటప్పుడు ఈ చౌకరకం తీసుకెళ్లు. గట్టు నుంచి రాగానే మంచినీళ్ల చెంబులో తిప్పి ఆరబెట్టు, వారానికోసారి విప్పి తుడిచి గ్రీజు రాయి. నాలుగేళ్లు ఎటూ పోదు. పాత రీలుకి ఎప్పుడైనా రాశావా?”

రాయలేదు. రోజంతా మిషన్లకి నూనెలు పోసి ఇంటికొచ్చినవాడు ఇంట్లో ఇంకో యంత్రం మొహం చూడడు. మెకానిక్కు చౌక రీలే కొన్నాడు. దాంతోపాటు ముసలాయన అన్న మాటని కూడా ఊరికే పట్టుకొచ్చుకున్నాడు. కాస్త మార్చి వాడుకున్నాడు. “అది చేతకానివాళ్ల రీలు. లోపల అన్నీ మామూలే, పైన మూత బిగించి డబ్బు గుంజుతారు,” అని గట్టు మీద చెప్పాడు, ఫ్యాక్టరీలో చెప్పాడు, అడగని భార్యకి రెండుసార్లు చెప్పాడు. కొత్త రీలుకి వారం వారం గ్రీజు రాశాడు. అది వెన్నలా తిరిగింది. కొన్ని వారాలు అతనికి నిజంగానే మంచి నిద్ర పట్టింది.

అంతలో తోడల్లుడికి ఆఫీసు పని మీద వేరే రేవుకి వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ రీలుని గుడ్డసంచిలో పెట్టి తెచ్చి మెకానిక్కు చేతిలో ఉంచాడు.

“నేనొచ్చేదాకా నీ దగ్గరుంచు అన్నయ్యా. ఊరికే ఉంచకు, వాడుకో. ఒకటే, లోపల మాత్రం తెరవద్దన్నారు. తెరిస్తే గ్యారంటీ పోతుందట.”

“నాకెందుకు తెరవడం? నా దానికే తీరిక లేదు,” అన్నాడు మెకానిక్కు.

తెరిచాడు. ఎక్కడో చాటుగా కాదు, ఫ్యాక్టరీలో తన బల్ల మీద, భోజనాల గంటలో, దీపం కింద తెల్లగుడ్డ పరిచి. చూడాలనిపించింది, అంతే. లోపల తన చౌక రీలులో ఉన్నవే ఉంటే? అవే పళ్లు, అదే ఇరుసు, అదే స్ప్రింగు ఉంటే? అప్పుడు తను వీధి వీధినా చెప్పింది నిజమవుతుంది. ఆ ఒక్క నిజం కోసం ప్రాణం కొట్టుకుపోయింది.

నాలుగు స్క్రూలు తీసి మూత పైకెత్తగానే అతని చేతులు ఆగిపోయాయి. అవే కావు. పళ్లచక్రం పళ్లు ఒక్కొక్కటీ చెక్కినట్టున్నాయి. వేలు తగిలితే చాలు, తిరిగి తిరిగి తనంతట తనే నెమ్మదించింది. ఇరవయ్యేళ్లుగా యంత్రాల కడుపులు చూసినవాడు అది ఎలాంటి పనో గుర్తుపట్టకుండా ఉండలేడు. ముచ్చటేసింది. ఆ ముచ్చట వెనకే, దాన్ని తోసుకుంటూ, ఇంకొకటి వచ్చింది: ఇంతటి వస్తువు ఎవడి చేతిలో పడింది! లోపల ఏముందో తెలియనివాడి చేతిలో, తెలుసుకోవాలనైనా అనిపించనివాడి చేతిలో.

“ఏవండీ,” అంది వెనక నుంచి భార్య. టిఫిన్ డబ్బా మూసుకుంటూ వచ్చింది. “అది మరిదిగారిది కదూ?”

“ఊఁ.”

“తెరవద్దన్నాడు కదూ?”

“శుభ్రం చేసిస్తున్నాను. మంచిదేగా.”

“మళ్లీ బిగిస్తారా, మూటగట్టి ఇస్తారా?”

“నన్నా అడుగుతున్నావు?” అన్నాడు మెకానిక్కు, నిజంగానే నొచ్చుకుని.

ఇరుసు మొదట్లో, వెంట్రుకంత సందులో, నల్లటి నూనె చుక్క ఒకటి వలయంలా పట్టుకుని ఉంది. చొక్కాల ఫ్యాక్టరీలో నల్లనూనె అంటే ఒకటే అర్థం: పాతబడింది, తుడవాలి, లేకపోతే తెల్లబట్ట మీద మరకపడి పై ఆఫీసర్లు నెత్తికెక్కుతారు. అతని చెయ్యి అతన్ని అడగలేదు. గుడ్డపీలిక కిరసనాయిల్లో ముంచి ఆ వలయాన్ని తళతళలాడేలా తుడిచేసింది. కుట్టుమిషన్ నూనె, నీళ్లలా తేటగా ఉండేది, రెండు చుక్కలు వేసింది. అన్నీ వెనక్కి బిగించాడు. ఒక్క ముక్క మిగల్లేదు. తిప్పి చూశాడు. గాలి తిరిగినట్టు తిరిగింది. ఇదివరకటికంటే బాగా తిరుగుతోందని అనిపించి, తోడల్లుడికి ఉపకారం చేసినందుకు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

తోడల్లుడు తిరిగొచ్చి రీలు తీసుకుని, “వాడావా అన్నయ్యా?” అని అడిగితే, “తీరిక లేదు,” అన్నాడు.

వర్షాలు పడే నాటికి గట్టు మీద ఓ ఆదివారం ఉదయం మెకానిక్కు చెవులు నిక్కబొడుచుకున్నాడు. కర... కర... తన రీలు కాదు. పక్కది. ఇక్కడ అతను భయపడ్డాడనో, పశ్చాత్తాపంతో కుమిలిపోయాడనో రాస్తే చదివేవాళ్లకి బాగుంటుంది. మొదట వచ్చింది మాత్రం సంతోషమే. కడుపులో చల్లటి నీళ్లు పోసినట్టయింది. ఆ చప్పుడు వింటూ రెండు చేపలు పట్టాడు. ఇంటికెళ్లే దారిలో గానీ నల్లనూనె గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక సైకిల్ దిగి కొంచెం దూరం నడిచాడు.

“గ్యారంటీ ఉంది కదన్నయ్యా, కొట్టుకి పోదాం పద. నీకైతే యంత్రాల సంగతి తెలుసు, నన్ను మాటల్లో పడెయ్యకుండా చూస్తావు,” అని తోడల్లుడు తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. ఆ రోజు కొట్టులో రీళ్ల కంపెనీ మనిషి కూడా ఉన్నాడు, కొత్త సరుకు దించుతూ. అతనే రీలు అందుకుని, మూత తీసి చూశాడు. లోపలంతా ఉప్పు పొరలు కట్టి, తుప్పు పట్టి ఉంది.

“ఇది తెరిచిన రీలు,” అన్నాడు. “ఈ ఇరుసు దగ్గర ప్రత్యేకమైన నూనె ఉంటుంది. చిన్న అయస్కాంతం పట్టి ఉంచుతుంది దాన్ని. నీళ్లని ఆపే గోడే ఆ నూనె. దాన్ని నున్నగా తుడిచేశారు. గోడ తీసేస్తే ఇల్లంతా నీళ్లేగా? గ్యారంటీ చెల్లదండీ.”

తోడల్లుడు ముసలాయన మీదకి తిరిగాడు. ఎప్పుడూ గొంతు పెంచనివాడు పెంచాడు. “అంటే ఎవరో వాడి తిరిగిచ్చింది కొత్తదని నాకు అంటగట్టావా పెద్దాయనా? ఇంత ధర పోసి కొంటే?”

కొట్టులో ఉన్నవాళ్లు వస్తువులు కింద పెట్టి చూడసాగారు. ముసలాయన రీలులో వేలు పెట్టి, వేళ్ల మధ్య రుద్దుకుని, వాసన చూశాడు. ఆయన భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆ వాసన ఆయనకి కొత్త కాదు. తలెత్తి మెకానిక్కు వంక చూశాడు. చూసి ఊరుకున్నాడు. మెకానిక్కు గోడకి వేలాడుతున్న గాలాల వంక చూశాడు. నోరు మూసుకుంటే చాలు, గండం గడిచిపోయేలా ఉంది. మూసుకునేవాడే.

కంపెనీ మనిషి రీలు బల్ల మీద పడేస్తూ, “ఎవడో చేతకానివాడు కెలికాడు,” అన్నాడు.

“చేతకానివాడేం కాదు!” అన్నాడు మెకానిక్కు.

అందరూ అటు తిరిగారు.

“మళ్లీ చూడండి. స్ప్రింగు తప్పిందా? ఒక్క స్క్రూ తలైనా అరిగిందా? నాలుగూ ఒకే బిగింపు. ఒక్క ముక్క తేడా రాలేదు. ఆ నూనె సంగతి ఎక్కడా రాయకపోతే ఎవడికి తెలుస్తుంది?”

చెప్పడం అయ్యాక గానీ తను చెప్పిందేమిటో అతనికి వినపడలేదు. నిజాయితీ పొంగుకొచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి. పొంగింది పనివాడి పొగరు.

“నువ్వా అన్నయ్యా?” అన్నాడు తోడల్లుడు. గొంతు మళ్లీ మామూలైపోయింది. “చూడాలనుంటే అడగొచ్చు కదా. నేనే తెరవమనేవాణ్ని.”

“అందుకే అడగలేదు.”

తోడల్లుడు ముసలాయనకి చేతులు జోడించాడు. తర్వాత, “పోనీలే అన్నయ్యా, వస్తువే కదా, మన మధ్య ఇదేంటి,” అని ఇంకా ఏదో అనబోయాడు. ఆ మంచితనాన్ని ఇంకో నిమిషం భరించడం మెకానిక్కు వల్ల కాలేదు.

“డబ్బు నేనిస్తాను. నెలనెలా ఇస్తాను. అసలు ధర. నువ్వు నాకు చెప్పిన ధర కాదు.”

తోడల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. చేసిన పనికి తను సిగ్గుపడాల్సిన చోట, అతని చిన్న అబద్ధానికి అతన్నీ సిగ్గుపడేలా చేశానని మెకానిక్కుకి ఓ పిసరు తృప్తి కలిగింది. ముసలాయన తుప్పు పట్టిన రీలుని గుడ్డసంచిలో వేసి అతని చేతికిచ్చాడు.

“మొత్తానికి అదే కొన్నావు,” అన్నాడు.

ఇప్పుడు గట్టు మీద బూడిదరంగు రీలు మెకానిక్కుదే. తుప్పు తినేసిన పళ్లచక్రం మార్పించాడు, ఇరుసు సానబెట్టాడు, వారం వారం విప్పి గ్రీజు రాస్తున్నాడు. అయినా అది కరకరమనే తిరుగుతుంది. నూనె గోడ మళ్లీ కట్టడం అతని వల్ల కాలేదు. తోడల్లుడు కొత్తది కొనలేదు. వాయిదాలు తీరేదాకా ఇంకోటి కొంటే అన్నయ్యకి బాధ అనుకున్నాడో ఏమో, “నీ చౌక రీలు ఊరికే ఉంది కదా, కొన్నాళ్లు ఇవ్వకూడదూ?” అని అడిగాడు. ఇవ్వనని ఏ మొహంతో అంటాడు? ఇచ్చాడు.

పోయిన ఆదివారం భార్య కూడా గట్టు మీదకి వచ్చింది. తోడల్లుడి బకెట్లో మూడు చేపలు తోకలు కొట్టుకుంటున్నాయి. ఎర్రగీత ఉన్న నల్ల రీలు అతని చేతిలో వెన్నలా, చప్పుడే లేకుండా తిరుగుతోంది. మెకానిక్కు మెడ తిప్పకుండా, కళ్లు మాత్రం తిప్పి, దాన్నే చూస్తున్నాడు.

“ఇప్పుడు దేన్ని చూసి ఏడుస్తున్నారండీ?” అంది ఆవిడ.

“ఏడవట్లేదు. ఆ గ్రీజు నేను రాసింది.”

మూడు వాయిదాలు కట్టాడు. ఇంకా తొమ్మిది బాకీ ఉన్నాయి.